తొవ్వ ఎవరిది?

గుండ్లపోచంపల్లిలో మేముండే కాలనీ ప్రహరీ వెనకాల ఒక కాలిబాట ఉంది. సర్కారు తుమ్మల మధ్య మొదలై, వానాకాలంలో మాత్రమే పారే చిన్న వాగు దాటి, గుండ్ల మీదికి ఎక్కి, దూరంగా రైలు పట్టాలు కనపడేచోట ఆగుతుంది. అంతా కలిపి కిలోమీటరున్నర ఉంటుందేమో. 2020లో లాక్‌డౌన్ వచ్చి పార్కులన్నీ మూసేసినప్పుడు అది మా కంట పడింది. అంతకుముందు ఆరేళ్లుగా అక్కడే కాపురం ఉన్నా, గోడ వెనకాల మనుషులు నడిచే దారి ఒకటి ఉందన్న సంగతే మాకు తెలీదు.

మొదట ఇద్దరం వెళ్లేవాళ్లం. తర్వాత నలుగురమయ్యాం, ఆ తర్వాత పన్నెండుమందిమి. ఆదివారం పొద్దున్నే ఆరింటికి గడ్డపార, పార, కొడవళ్లు, రెండు తట్టలు పట్టుకుని బయల్దేరతాం. సంఘమని పేరు పెట్టుకోలేదు, రిజిస్టర్ చేయించలేదు. ఒక వాట్సాప్ గ్రూపు, నెలకు తలా రెండొందలు, అంతే.

కొత్తలో బాటకు శత్రువు ముళ్లకంప అనుకున్నాం. రెండో వానాకాలానికి గానీ తెలిసిరాలేదు, అసలు శత్రువు నీళ్లని. వాననీళ్లు బాట వెంబడే పారితే మొరం కొట్టుకుపోయి కాలువ పడుతుంది. కాలువలో నడవలేక జనం పక్కనుంచి నడుస్తారు. అక్కడ గడ్డి చచ్చిపోయి అదీ కోసుకుపోతుంది. నాలుగేళ్లలో ఒక అడుగు బాట నాలుగడుగుల గండి అవుతుంది. అందుకని వాలులో అక్కడక్కడా రాళ్లు ఏటవాలుగా పాతి, నీళ్లను పక్కకు మళ్లించాలి. ఆ రాళ్ల వెనక పేరుకున్న మట్టిని ప్రతి వాన తర్వాతా తీసెయ్యాలి. ఈ పనిలో తమాషా ఏమిటంటే, బాగా చేస్తే చేసినట్టే కనపడదు. నడిచేవాడికి కాలు జారదు, అంతే. కాలు ఎందుకు జారలేదని ఎవరూ ఆలోచించరు.

పోయిన చలికాలంలో మాకో చిక్కొచ్చింది. కుర్రాళ్లు బైకులేసుకుని గుండ్ల దాకా వచ్చి, తాగి, సీసాలు పగలగొట్టి పోతున్నారు. బైకు చక్రాలకు మేం పాతిన రాళ్లు లేచిపోతున్నాయి. ఏం చెయ్యాలని మాట్లాడుకుని, చందాలేసుకుని, బాట మొదట్లో ఇనప గేటు పెట్టించాం. మనిషి పక్కకు తిరిగి వెళ్లేంత సందు వదిలాం. ‘నడక బాట, వాహనాలకు ప్రవేశం లేదు’ అని బోర్డు కూడా రాయించాం. ఆ నేల మాది కాదు. కొంత ప్రభుత్వానిది, కొంత ఎవరిదో పట్టా. నడవడానికి మేం ఎవర్నీ అడగలేదు, గేటు పెట్టడానికీ అడగలేదు.

పదిరోజుల తర్వాత ఒక ఆదివారం గేటు ముందర ఒక పెద్దాయన కర్ర మీద ఆనుకుని నిలబడి ఉన్నాడు. వెనక ఓ ముప్పై మేకలు. ఆయన్ని చాలాసార్లు చూశాను, తల ఊపుకునేవాళ్లం, అంతకుమించి మాటల్లేవు.

“ఇది ఎవరు పెట్టిన్రు సారూ?”

“మేమే పెద్దాయనా. బైకులు రాకుండా.”

“బైకులు రాకుంటే మంచిదే. మరి నా మేకలెట్ల పోవాలె?”

అటు పక్కనుంచి పోవచ్చు కదా అనబోయాను. అటు పక్కన మేం కొట్టిన తుమ్మకంపే గుట్టలా పడి ఉంది. ఆయన దాన్నీ చూశాడు, నన్నూ చూశాడు.

“నలభై ఏండ్ల సంది ఇట్లనే పోతున్న. ఇప్పుడిది మీ తొవ్వ అయిందా?”

కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోడానికి అడిగినట్టు అడిగాడు. అందుకే నాకు జవాబు దొరకలేదు.

జవాబు దొరకలేదన్నాను గానీ, లోపల ఒకటి సిద్ధంగానే ఉంది. ‘నాలుగేళ్లుగా చెమటోడ్చి బాగుచేసింది మేం కదా’ అని. బయటికి అనలేదు. అనకపోవడం మర్యాద వల్లే గానీ నమ్మకం లేక కాదు. ఆ రోజంతా ఆ నమ్మకాన్నే తిరగేస్తూ కూర్చున్నాను.

అది కొత్త నమ్మకమేం కాదు. ఎవరిదీ కాని నేలకు మనిషి తన కష్టం జోడిస్తే అది అతనిదవుతుందని 17వ శతాబ్దంలో జాన్ లాక్ అనే ఇంగ్లీషు తాత్వికుడు వాదించాడు. మన ఊళ్లలో పోడు కొట్టుకున్న రైతు కూడా ఆ మాటే అంటాడు. అయితే లాక్ దానికి ఒక షరతు పెట్టాడు: మిగతావాళ్లకు కూడా అంతే మంచిది, సరిపడా మిగలాలి. బాట విషయంలో ఈ షరతు తీరే దారే లేదు. పొలంలో సగం నేను దున్నుకుని సగం నీకు వదలొచ్చు. బాటను అడ్డంగా పంచితే రెండు బాటలవ్వవు, రెండు ముక్కలవుతాయి. పైగా కష్టం లెక్కలోకి వస్తే ముందెవరి కష్టం రావాలి? మేం ముళ్లు కొట్టకముందు అక్కడొక బాట ఉండబట్టే కదా కొట్టాం. దాన్ని వేసింది ఆయన కాళ్లు, ఆయన మేకల గిట్టలు. వాటికి బాట వేస్తున్నామన్న తలపు లేదు. తలపు లేకుండా పడ్డ కష్టం కష్టం కాకుండా పోతుందా?

ఇక్కడ అమెరికా సంగతి ఒకటి చెప్పాలి. మా మేనల్లుడు వర్జీనియాలో ఉంటాడు. మా ఆదివారం పనుల ఫోటోలు చూసి, ఓ రోజు తను నడిచిన బాట ఫోటోలు పంపాడు. చెట్ల మీద తెల్లరంగు గీతలు, రాతి మెట్లు. అది అప్పలాచియన్ ట్రైల్. జార్జియా నుంచి మెయిన్ దాకా 14 రాష్ట్రాల మీదుగా దాదాపు 3,500 కిలోమీటర్లు. 1921లో బెంటన్ మెకాయ్ అనే అటవీ నిపుణుడు ఊహించాడు. 1925లో దానికోసం ఒక సంస్థ ఏర్పడింది. 1937కల్లా ఈ చివర నుంచి ఆ చివరకు బాట పూర్తయింది. ఈనాటికీ దాన్ని కాపాడేది ఎక్కువగా స్థానిక క్లబ్బుల వాలంటీర్లే. ఒక్కో క్లబ్బుకు ఇంత దూరమని వంతు, అందులో ఒక్కో మనిషికి ఇన్ని మైళ్లని వంతు. చెట్టు పడితే తొలగించడం, నీటి రాళ్లు సర్దడం, గీతలకు మళ్లీ రంగు వెయ్యడం. 1984లో అక్కడి నేషనల్ పార్క్ సర్వీస్ బాట చుట్టూ ఉన్న నేలల నిర్వహణను కూడా ఆ స్వచ్ఛంద సంస్థకే అప్పగించింది. ఇది చదివి నేను పొంగిపోయాను. పన్నెండుమందిమి చేస్తున్న పనే కదా, కాకపోతే వాళ్లది పెద్దది.

తర్వాత మరో సంగతి తెలిసింది. ఆ బాట వర్జీనియాలో షెనాండోవా నేషనల్ పార్కు గుండా 160 కిలోమీటర్లు పోతుంది. 1930లలో ఆ పార్కు కోసం కొండల మీద తరాలుగా బతుకుతున్న వందలాది కుటుంబాల్ని ఖాళీ చేయించారు. మా వాడు నడిచిన చోట ఒకప్పుడు వాకిళ్లు ఉండేవి. ఆ ఖాళీ చేయించింది ప్రభుత్వం, బాట వేసిన క్లబ్బులు కాదు. వాళ్ల చేతులకు మట్టి తప్ప ఇంకేమీ అంటలేదు. కానీ అడవి నిర్మానుష్యంగా, హాయిగా ఉందని ఇవాళ నడుస్తూ మురిసిపోయేవాడు, ఆ నిర్మానుష్యం ఎలా వచ్చిందో తెలుసుకోవాలి కదా.

అలాగని సరదాగా నడిచేవాళ్లందరూ దోషులూ, అవసరానికి నడిచేవాళ్లే హక్కుదార్లూ అని తేల్చెయ్యడం కూడా నాకు సబబనిపించదు. 1932 ఏప్రిల్ 24న ఇంగ్లండులో వందలమంది కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి కావాలనే అనుమతి లేకుండా నడిచి వెళ్లారు. చాలామంది మాంచెస్టర్ వైపు నుంచి వచ్చిన కార్మిక యువకులు. ఆ బీడునేలంతా జమీందార్ల వేట కోసం మూసిపెట్టి ఉండేది. ఐదుగురు జైలుకెళ్లారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో అలాంటి కొండనేలల మీద నడిచే హక్కు చట్టంగా రావడానికి 2000 దాకా పట్టింది. వారమంతా మిల్లు పొగలో బతికేవాడికి ఆదివారం కొండగాలి సరదా అని ఎలా అంటాం? మా గ్రూపులో ఒకాయన గుండెకు స్టెంటు వేయించుకున్నాక నడక మొదలుపెట్టాడు. ఆయనకది సరదా కాదు. పక్కనే కండ్లకోయలో అడవికి కంచె కట్టి, లోపల నడక బాటలు వేసి ఆక్సిజన్ పార్కు చేశారు. పొద్దునపూట అక్కడికొచ్చే మనుషుల మొహాలు చూస్తే ఊరికి అదెంత అవసరమో తెలుస్తుంది.

కాబట్టి నాకు తోచింది ఇది: ఎవరి నడక గొప్పదన్నది కాదు ప్రశ్న. బాటను చూసుకునేవాడు దేన్ని చూసుకుంటున్నాడన్నది. మేం చూసుకుంటున్నది నేలనో, రాళ్లనో అనుకున్నాం. నిజానికి మాకు అందింది, ఇంకొకరు పోగలిగే వీలు. దాన్ని బాగుచేస్తున్నామంటూ ఆ వీలునే మూసేశాక, మిగిలింది ఏదైనా కావచ్చు గానీ బాట మాత్రం కాదు.

మన పెద్దలు సప్తసంతానాలని చెప్పారు: కొడుకు, చెరువు, కావ్యం, నిధి, గుడి, తోట, అగ్రహారం. పోయాక కూడా పేరు నిలిపేవి. అందులో బాట లేదు. శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించిన ప్రోలయ వేమారెడ్డి పేరు 14వ శతాబ్దం నుంచి నిలిచే ఉందనుకోండి, కానీ అవి రాజు కట్టించిన మెట్లు. మామూలు కాలిబాటకు కట్టించినవాడంటూ ఉండడు. ఒకసారి చేసి వదిలేస్తే నిలిచేది కూడా కాదు. ఈ ఏడు నడిస్తే ఈ ఏడు ఉంటుంది. పేరు దక్కని పనికి మనవాళ్లు ఆ జాబితాలో చోటివ్వకపోవడంలో ఆశ్చర్యం లేదు. మేం బోర్డు రాయించుకున్నది ఎందుకో నాకప్పుడు అర్థమైంది.

ఇంకో మాట. హైదరాబాదు చుట్టూ ఉన్న ఈ గ్రానైటు గుండ్లు దాదాపు 250 కోట్ల ఏళ్లవంటారు. వాటిని క్వారీల నుంచి, ప్లాట్ల నుంచి కాపాడాలని 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ మొదలైంది. వాళ్లు చేసే పనుల్లో ఒకటి, జనాన్ని గుండ్ల దగ్గరికి నడిపించుకుని తీసుకెళ్లడం. చూసినవాళ్లు పెరిగితే అడిగేవాళ్లు పెరుగుతారు. మా బాటకు కూడా ఆ రోజు దగ్గరికొచ్చింది. వాగుకు అవతల ఈ మధ్యే కడీలు పాతారు, వెంచర్ వస్తుందంటున్నారు. మేం ఊరి నక్ష తీసి చూశాం. బండ్ల బాట ఉంది, అది వేరే వైపు. మా కాలిబాట అందులో లేదు.

తెలిసిన లాయరుగారి దగ్గరికి వెళ్లాం, నాలుగేళ్ల ఫోటోలు, ఖర్చుల లెక్క పట్టుకుని. ఆయన అవి పక్కన పెట్టి, “దీని మీద ఎన్నేళ్ల నుంచి నడుస్తున్నారు? ఎవరు చెబుతారు?” అనడిగాడు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం లెక్కలో, అడ్డులేకుండా, బహిరంగంగా, హక్కుగా ఇరవై ఏళ్లు నడవాలి. ప్రభుత్వ నేలైతే ముప్పై. కేసు నిలుస్తుందో లేదో తర్వాత సంగతి. కానీ ఆ ప్రశ్నలోనే ఒక న్యాయం ఉంది. ఎవరు బాగుచేశారని కాదు చట్టం అడిగేది, ఎవరు నడిచారని. మా నాలుగేళ్ల చెమట అక్కడ దేనికీ పనికిరాదు. పనికొచ్చేవి ఆయన నలభై ఏళ్లు. మేం గేటు పెట్టి ఆపింది మా ఏకైక సాక్షిని.

గేటు తీసేశాం. దాని బదులు పెద్ద గుండ్రాళ్లు అటొకటి ఇటొకటి వంకరగా దొర్లించి పెట్టాం. మేకలు పోతాయి, మనుషులు పోతారు. బైకువాళ్లకు కష్టం, అయినా పట్టుబట్టి వచ్చేవాడు వస్తూనే ఉన్నాడు. మేం సీసాలు ఏరుతూనే ఉన్నాం. ఇది నచ్చక ఇద్దరు గ్రూపులోంచి వెళ్లిపోయారు. “ఇట్లయితే ఎన్ని వారాలు ఏరతాం?” అన్నారు. వాళ్ల మాటకు నా దగ్గర మంచి జవాబు లేదు. ఏరినన్ని వారాలు ఏరతాం.

పెద్దాయనకు సాక్ష్యం సంగతి చెప్పాం. “అడిగితే చెప్త. నడిచిన కదా” అన్నాడు. ఆయన కొడుకు కంపెనీలో డ్రైవరు, మేకలు ఆయనతోనే ఆఖరు. ఆ తర్వాత ఈ తొవ్వ మీద అవసరానికి నడిచేవాళ్లు ఉండరేమో. అప్పుడు మిగిలేది మేమే. అప్పుడైనా దీన్ని మాది అనుకోకుండా ఉండగలమా అన్నది నాకింకా తేలలేదు.

మొన్న వాన వెలిశాక వెళ్తే, వాగు దగ్గర మేం పాతిన రాళ్లలో రెండు జరిపి ఉన్నాయి. బైకువాళ్ల పనే అనుకుని తిట్టుకుంటూ వంగి చూశాను. నీళ్లు శుభ్రంగా పక్కకు పోయి ఉన్నాయి. మేం పెట్టినప్పటికంటే బాగా. మట్టిలో మేక గిట్టల గుర్తులున్నాయి.

రాళ్లు అలాగే ఉంచి, పైన పేరుకున్న మట్టి తీశాం.