పారిపోయి వచ్చినవాని మాట నమ్మవచ్చునా?



యెహోషువ గ్రంథము 9వ అధ్యాయమును మరల చదువుడి. గిబియోనీయులు పాత గోనెలు, మాసికలు వేసిన చెప్పులు, బూజుపట్టిన రొట్టెలు పట్టుకొని వచ్చి, తాము దూరదేశస్థులమనిరి. ఇశ్రాయేలు పెద్దలు దేవుని అడుగకయే నమ్మిరి. మూడు దినములకు అబద్ధము బయటపడెను. ఏల మోసగించితిరని యెహోషువ అడుగగా, ప్రాణభయముచేత అట్లు చేసితిమనిరి. వారి మాట అబద్ధమే గాని, వారి భయము అబద్ధము కాదు.

ఈ చిక్కు నేటికిని తీరలేదు. 1951లో జెనీవాలో కుదిరిన ఒడంబడిక ప్రకారము, జాతి, మతము, రాజకీయాభిప్రాయము మొదలగు కారణములచేత హింస కలుగునని తగిన ఆధారముతో భయపడి స్వదేశము విడిచినవాడు శరణార్థి. అయితే రాత్రివేళ పారిపోవువాడు రుజువు కాగితములు మూట కట్టుకొని రాగలడా? హింసించినవారు చీటి వ్రాసి ఇత్తురా? అనేకసారులు వాని నోటిమాటయే వానికున్న సాక్ష్యము.

ఆ మాటను పరీక్షించుట తప్పు కాదు. కల్లకథలు చెప్పువారును కలరు. ఏ రీతిగా పరీక్షింతుమనునదే ప్రశ్న. యొర్దాను రేవులయొద్ద గిలాదువారు, పారిపోవుచున్న ఎఫ్రాయిమీయులను ఒక్క మాట పలుకుమని అడిగి, 'షిబ్బోలెతు' అనలేక 'సిబ్బోలెతు' అన్నవారిని చంపిరి. ఆ కాలమున పడినవారు 42,000 మంది. 2019లో బ్రిటనులో ఇరాను దేశస్థుడొకడు, క్రైస్తవ్యము సమాధాన మార్గమని నమ్మి మారితినని చెప్పెను. అధికారులు లేవీయకాండమునుండియు ప్రకటన గ్రంథమునుండియు కఠినమైన వచనములు ఎత్తిచూపి, వాని మాట నమ్మదగినది కాదని త్రోసివేసిరి. పిమ్మట ఆ నిర్ణయమును వెనుకకు తీసికొని, మరల విచారించుటకు ఒప్పుకొనిరి. మన సంఘములో చదువురాని అవ్వను లేవీయకాండమునుగూర్చి అడిగిన ఏమి చెప్పగలదు? అంతమాత్రమున ఆమె విశ్వాసము బూటకమగునా?

మాట నమ్మదగినదా కాదా అనునదే ముఖ్యమైన చోట, కాగితములు మాత్రమే చూచి తీర్పు చెప్పరాదనియు, మనిషిని ఎదుట నిలిపి వినవలెననియు కెనడా సర్వోన్నత న్యాయస్థానము 1985 ఏప్రిల్ 4న తీర్పు చెప్పెను. ఐక్యరాజ్యసమితి శరణార్థుల హైకమిషనరు కార్యాలయము 1979లో ప్రకటించిన చేతిపుస్తకము మరియొక మెట్టు ముందుకు పోయినది. అబద్ధము దొరికినంతమాత్రమున శరణు నిరాకరింపరాదు. సకల పరిస్థితులను చూడవలెను. వాడు చేతనైనంత రుజువు చూపి, వాని మాట మొత్తముమీద నమ్మదగినదైనయెడల, మిగిలిన సందేహమును వాని పక్షముగా తీర్చవలెను.

ఇది మెత్తదనమా? కాదు. అబద్ధికుని నమ్మినయెడల మనము మోసపోదుము. నిజము చెప్పినవానిని తిరిగి పంపినయెడల వాడు ప్రాణము పోగొట్టుకొనవచ్చును. మొదటి తప్పును దిద్దుకొనవచ్చును. సమాధిలోనుండి ఎవడును అప్పీలు చేసికొనలేడు.

సౌలు యెరూషలేమునకు వచ్చినప్పుడు శిష్యులు వానిని నమ్మక భయపడిరి. వారి భయమునకు కారణము లేకపోలేదు. బర్నబా వానిని చేరదీసి, త్రోవలో జరిగినదంతయు అపొస్తలులకు వివరించెను. సౌలు కథను తాను వినకయే వివరింపగలిగెనా? ఆ దినమున ఒక్కడు వినియుండనియెడల, సంఘము ఎంతటి సేవకుని వాకిట నిలిపివేసియుండును!

మన గడపకు క్రొత్తవాడు వచ్చి తన కష్టము చెప్పుకొన్నప్పుడు, ముందు కూర్చుండబెట్టి తుదివరకు విందము. అడుగవలసినది ఆ తరువాత అడుగుదము. ప్రభువు మనకు వినగల చెవిని దయచేయును గాక. ఆమేన్.