ఇల్లు మారేముందు

ఏప్రిల్ నెల వస్తే చాలు, మన ఇళ్లలో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: ‘ఈ ఏడాదైనా హైదరాబాదుకు మారిపోదామా?’ కొందరికి ఉద్యోగం, కొందరికి పిల్లల చదువు, మరికొందరికి అప్పటికే అక్కడ స్థిరపడిన బావమరిది పిలుపు. కారణం ఏదైనా ఊరు మారడం తప్పు కాదు. అల్లాహ్ భూమి విశాలమైనది. అయితే సామాను లారీకి ఎక్కించే ముందు మనం ఏం చూసి వెళ్తున్నాం?

మాకు బాగా తెలిసిన ఒక కుటుంబం కర్నూలు జిల్లాలోని చిన్న పట్టణం నుంచి ఇలాగే బయలుదేరింది. ఫోనులో వచ్చిన ఐదారు ఫోటోలు చూసి ఇంటికి అడ్వాన్సు పంపారు. రంగుల కరపత్రం చూసి స్కూలు ఫీజు కట్టారు. ‘ఒకసారి వెళ్లి చూసి రావచ్చు కదా’ అని మేమంటే, ‘అల్లాహ్ మీద భారం వేశాం, అంతా ఆయనే చూసుకుంటాడు’ అన్నారు. ఆ మాట విని మేమూ ఊరుకున్నాం. అది మా పొరపాటు. వెళ్లాక ఒక్కొక్కటే తెలిసింది. మస్జిద్ పెద్ద రోడ్డుకు అవతల ఉంది, పిల్లవాణ్ణి ఒంటరిగా పంపే వీలు లేదు. మార్చి దాటితే నీళ్లకు ట్యాంకరే గతి. ఎనిమిదో తరగతి అమ్మాయిని స్కూలు గేటు దగ్గరే స్కార్ఫ్ తీసి లోపలికి రమ్మన్నారు. అలాంటి నిబంధన ఉందేమోనని ఫీజు కట్టేటప్పుడు వీరు అడగలేదు, వారు చెప్పలేదు. తండ్రి పొద్దున పోతే రాత్రికి వస్తాడు. పదో పారా దాకా వచ్చిన కుర్రవాడి ఖుర్ఆన్ పఠనం అక్కడే ఆగిపోయింది. ఏడాది తిరగకుండానే మళ్లీ ఇల్లు వెతుక్కోవలసి వచ్చింది. కట్టిన ఫీజు తిరిగి రాలేదు.

ఇది తవక్కుల్ అవుతుందా? ముందు ఒంటెను కట్టి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్న బోధ మనందరికీ తెలిసిందే. దైవప్రవక్త (స) స్వయంగా ఎలా నడుచుకున్నారో చూద్దాం. క్రీ.శ. 615లో సహాబాలను అబిసీనియాకు పంపినప్పుడు అక్కడి రాజు ఎలాంటివాడో ఆయనకు తెలుసు. అతని పాలనలో ఎవరికీ అన్యాయం జరగదని తెలిసే పంపారు. మదీనా హిజ్రత్ కూడా ఒక్క రాత్రిలో తీసుకున్న నిర్ణయం కాదు. 620లో యస్రిబ్ నుంచి వచ్చిన ఆరుగురితో మాటలు మొదలయ్యాయి. మరుసటి ఏడు పన్నెండుగురు అఖబా దగ్గర ప్రమాణం చేశారు. వారి దగ్గరికి హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి)ను పంపారు. ఆయన అక్కడ ఒక ఇంట దిగి, ఆ ప్రజల మధ్య ఉండి ఖుర్ఆన్ నేర్పారు. 622లో డెబ్బై మందికి పైగా వచ్చి మాట ఇచ్చారు. అప్పుడు కూడా చిన్నాన్న అబ్బాస్, అప్పటికింకా ఇస్లాం స్వీకరించకపోయినా, ‘చివరిదాకా కాపాడగలరా, ఇప్పుడే చెప్పండి’ అని వారిని నిలదీశారు. ఇంత జరిగాకే సహాబాలు చిన్న చిన్న బృందాలుగా కదిలారు. దారి చూపడానికి కుదుర్చుకున్న అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్ ముస్లిం కాడు. దారి తెలిసినవాడు, నమ్మదగినవాడు. ఇల్లు చూపించే బ్రోకరు మనవాడైతే చాలు అనుకునేవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

ఇంత చూసుకుని వెళ్లినా మదీనా చేరాక హజ్రత్ అబూ బక్ర్ (రజి), హజ్రత్ బిలాల్ (రజి) తీవ్రమైన జ్వరంతో పడకేశారు. ముందుగా విచారిస్తే కష్టాలే రావని మేము చెప్పడం లేదు. మన నిర్లక్ష్యం వల్ల వచ్చే కష్టానికి ‘పరీక్ష’ అని పేరు పెట్టకూడదని మాత్రమే చెబుతున్నాం.

మరి ముందుగా ఏం చూడాలి? హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) తన సంతానాన్ని పంట పండని లోయలో నివసింపజేసి చేసిన దువా దివ్యఖుర్ఆన్ 14వ సూరాలో ఉంది. ఆయన అడిగిన వరుస చూడండి. మొదట వారు నమాజును నెలకొల్పాలన్నారు. ఆ తర్వాత ప్రజల హృదయాలు వారివైపు మొగ్గాలని కోరారు. ఫలాలు, ఉపాధి ఆ తర్వాత వచ్చాయి. మనం సరిగ్గా తలకిందులుగా వెళ్తాం. ముందు జీతం, తర్వాత స్కూలు పేరు, ఆ తర్వాత మార్బుల్ ఫ్లోరింగు. మస్జిద్ ఎక్కడుందో సామాను దించాక అడుగుతాం.

మస్జిద్‌ను శుక్రవారం చూసి లాభం లేదు, జుమాకు ఎక్కడైనా నిండుతుంది. ఫజ్ర్‌కు వెళ్లండి. ఎంతమంది వచ్చారు, వారిలో కుర్రవాళ్లు ఎందరు? పిల్లలకు మక్తబ్ ఉందా, ఏ వేళకు, నేర్పేది ఎవరు? అదే వీధిని ఇషా తర్వాత మళ్లీ చూడండి. మూలమీద ఎవరు నిలబడుతున్నారో, మన పిల్లవాడు రేపు ఎవరితో నిలబడతాడో అప్పుడు తెలుస్తుంది. కిరాణా కొట్టాయన, ఆటో డ్రైవరు, ఇమామ్ సాహెబ్ గంటలో చెప్పే సంగతులు బ్రోకరు నెలలో చెప్పడు.

పొరుగు మంచిదంటే అందరూ మనవాళ్లే ఉండాలని కాదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో మేకను కోసినప్పుడు, యూదు పొరుగువారికి పంపారా లేదా అని పదేపదే అడిగారు. బనూ సలిమా వారు మస్జిదె నబవీకి దూరంగా ఉండేవారు. దగ్గరికి మారిపోతామంటే దైవప్రవక్త (స) ఉన్నచోటే ఉండమన్నారు, వారి అడుగులు నమోదవుతాయని శుభవార్త ఇచ్చారు. మదీనా అంచులు ఖాళీ అయిపోవడం ఆయనకు ఇష్టం లేదని హదీసులో ఉంది. అందరం టోలీచౌకీలోనో పాతబస్తీలోనో కిక్కిరిసి ఉండాలన్న నియమమేమీ లేదు. నడిచి వెళ్లగల మస్జిద్, నమ్మకంగా పలకరించే పొరుగు ఉంటే ఆ చోటు మనదే.

ఇక్కడ ఒక చేదు సంగతి. మన పేరు వినగానే ఇల్లు లేదనేవారు నగరంలో ఉన్నారు. పేరు మార్చి చెప్పి ఇల్లు సంపాదించవద్దు. అబద్ధంతో మొదలైన పొరుగు నిలవదు. ఇంకో గడప తొక్కుదాం. అలాగే మనలో ఇళ్లున్నవారు వేరే మస్లక్ వారికనో, పిల్లలు ఎక్కువనో, విధవరాలనో తిప్పి పంపడం లేదా? ఆ లెక్క కూడా అల్లాహ్ దగ్గర ఉంది.

స్కూలు విషయంలో గేటు దగ్గర, పిల్లలను వదిలే వేళకు, అరగంట నిలబడండి. ఆ బ్రాంచికి సొంతంగా గుర్తింపు ఉందా, లేక పదో తరగతి పరీక్షకు వేరే స్కూలు పేరు మీద కూర్చోబెడతారా? స్కార్ఫ్ సంగతి, జుమా సంగతి ఫీజు కట్టక ముందే సూటిగా అడగండి. ఆంధ్రప్రదేశ్ నుంచి తెలంగాణకు మారేవారికి మరో ముఖ్యమైన విషయం ఉంది. విభజన చట్టం ప్రకారం పదేళ్లు ఉమ్మడిగా సాగిన ఉన్నత విద్యా ప్రవేశాల గడువు 2024లో ముగిసింది. స్థానికత ఇప్పుడు పిల్లలు ఏ తరగతులు ఎక్కడ చదివారన్న దానిపై ఆధారపడుతుంది, ముఖ్యంగా అర్హత పరీక్షకు ముందరి నాలుగేళ్లు. బిడ్డను ఇంటర్లో మార్చితే రెండు చోట్లా చిక్కు రావచ్చు. మార్చేదైతే ఎనిమిదికి ముందే మార్చడమో, ఇంటర్ అయ్యేదాకా ఆగడమో ఆలోచించండి. బి.సి.-ఇ సర్టిఫికెట్ అక్కడ చెల్లుతుందో లేదో కూడా బయలుదేరక ముందే తహసీల్దారు కార్యాలయంలో కనుక్కోండి.

ఇంటి గోడలు చివరికి చూసినా చాలు గానీ నేలను మాత్రం బాగా చూడాలి. 2020 అక్టోబరు వరదల్లో హఫీజ్ బాబా నగర్, అల్ జుబైల్ కాలనీ, నదీం కాలనీ ఇళ్లు మునిగాయి. వీధిలోని ముసలివారిని అడిగితే ఆ ఏడు నీళ్లు గోడకు ఎంతవరకు వచ్చాయో చేత్తో చూపిస్తారు. కొనేవారు చెరువు హద్దులు చూడాలి. చౌకగా వస్తోందని నోటరీ కాగితం మీద కొనకూడదు. అది వక్ఫ్ భూమి కాదని తేల్చుకోవాలి. అల్లాహ్ పేరిట వదిలిన నేలమీద ఇల్లు కట్టుకుని ఏ ముఖంతో నమాజు చేస్తాం? పెద్ద మొత్తం ముందే ఇచ్చి, అద్దె లేకుండా ఉండి, వెళ్లేటప్పుడు మొత్తమంతా తిరిగి తీసుకునే ‘భోగ్యం’ పద్ధతి అప్పు మీద లాభం కిందికి, అంటే వడ్డీ కిందికి వస్తుందని చాలామంది ఉలమా అంటారు. అద్దె కాస్త ఎక్కువైనా అద్దెకే ఉండడం క్షేమం.

చూడడానికి మగవాళ్లు మాత్రమే వెళ్లి రావడం మన అలవాటు. పగలంతా ఆ ఇంట్లో ఉండేది ఎవరు? ఆమెను తీసుకుని వెళ్లండి. పక్కింటి ఆడవాళ్లతో ఒక సాయంత్రం కూర్చోనివ్వండి. అన్నీ చూసి, తెలిసినవారితో సంప్రదించి, రెండు రకాతులు చదివి ఇస్తిఖారా దువా చేయండి. చూడకుండా చేసే ఇస్తిఖారా చూడడానికి బదులు కాదు.

మేము చెప్పిన ఆ కుటుంబం రెండోసారి వెతికినప్పుడు బంధువుల ఇంట నాలుగు రోజులు ఉండి వెతికింది. ఈసారి ఇల్లు చూసి సరేనన్నది ఆ ఇల్లాలే. నీళ్లు ఏ రోజు, ఏ వేళకు వస్తాయో ఎదురింటి టీచరమ్మ, ఒక హిందూ సోదరి, కాగితం మీద రాసిచ్చిందట. మునుపటి ఇంటికంటే చిన్నది, అద్దె ఐదువందలు ఎక్కువ. ఫజ్ర్‌కు తండ్రీకొడుకులు నడిచే వెళ్తున్నారు.