నది ఒడ్డున ఉన్నా దుబారా తగదు

విజయపురి సౌత్‌లో మనకు గడప ముందే నాగార్జునసాగర్. 1967లో కుడికాలువకు నీరు వదిలింది ఇక్కడినుంచే. ఇన్ని నీళ్లుండగా, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం పెరట్లో పైపు వదిలేస్తే తప్పేమిటని అనుకుంటాం.

ప్రవహించే నది ఒడ్డున వుజూ చేస్తున్నా నీటిని వృథా చేయరాదని దైవప్రవక్త (స) హజ్రత్ సఅద్ (రజి)కు బోధించినట్లు ఇబ్నె మాజా హదీసులో ఉంది. ఆ కాసిని నీళ్లతో నది తరిగిపోదు. తరిగేది మనలోని కృతజ్ఞతాభావమే.

సాయంత్రం నీరు పోసి, మొదట్లో ఎండుటాకులు పరిస్తే తక్కువ నీటితోనే మొక్క బతుకుతుంది. కొత్త మొక్క నాటడం మృగశిర కార్తె వానలదాకా ఆపితే అల్లాహ్ కారుణ్యమే దాన్ని తడుపుతుంది. కాలువ చివరి భూముల రైతు ఎదురుచూసేదీ ఈ నీటికోసమే. నీరు మన సొత్తు కాదు, అమానతు. రేపు దాని లెక్క చెప్పవలసింది మనమే.