పరుష వాక్యమునకు ప్రత్యుత్తరము

తిరువొత్తియూరు సముద్రతీరమున పట్టినత్తారు సమాధి యున్నది. ఆయన పూర్వాశ్రమమున వర్తకుడనియు, సర్వమును విడిచెననియు ప్రతీతి. వర్తకము విడువలేని గృహస్థుడు క్రోధమునైనను విడువవలెను గదా! అదే యూరిలో నేడు ఇంటినుండి సెల్‌ఫోను ద్వారా చీరలు అమ్ము చిన్న వర్తకుని, ముఖమెరుగని కొనుగోలుదారు "దొంగ" యని వ్రాసినచో ఏమి చేయవలెను?

ఆ మాటలో ఫిర్యాదు, తిట్టు రెండును కలిసియుండును. వీనిని వేర్వేరుగా తూచవలెను. ఫిర్యాదు బాకీ వంటిది, తీర్చక తప్పదు. అది అందినట్లు 48 గంటలలో తెలిపి, నెలలోగా పరిష్కరింపవలెనని 2020 నాటి ఈ-కామర్సు నియమములును చెప్పుచున్నవి. తిట్టు మాత్రము ఖాతాకెక్కవలసిన పద్దు కాదు.

అయితే తిట్టునకు జడిసి సొమ్ము వాపసు చేయుట క్షమ కాదు. అదే లోపమును నెమ్మదిగా చెప్పి ఊరకున్నవానికి అది అన్యాయము. అరచినవానికొక తూకము, అరవనివానికొక తూకము ఉండరాదు.

భాషాసమితి యనగా నోరు మూసికొనుట కాదు; సత్యముగా, హితముగా, మితముగా పలుకుట. సరుకును మరల పరిశీలించి, "చిరుగున్నచో మార్చెదము, దయచేసి దూషణ మానుడు" అని వ్రాసిన చాలును. ఆ కొనుగోలుదారు మరల రాకున్నను, వర్తకుని తక్కెడ చెడదు.