గురువు తప్పితే పాఠం తప్పుతుందా?

‘ది ఫుట్ ఫిస్ట్ వే’ అమెరికాలో అతి తక్కువ ఖర్చుతో తీసిన హాస్యచిత్రం. 2006లో సన్‌డాన్స్ ఉత్సవంలో చూపించారు, 2008లో హాళ్లకు వచ్చింది. ‘తైక్వాండో’ అన్న కొరియా మాటకు ముక్కకు ముక్క అనువాదమే ఆ పేరు: కాలు, పిడికిలి, మార్గం. దర్శకుడు జోడీ హిల్. నార్త్ కరోలినాలో ఆ విద్య నేర్పే ఫ్రెడ్ సిమ్మన్స్‌గా డానీ మెక్‌బ్రైడ్ వేశాడు.

ఆ విద్యకు అయిదు నియమాలు: మర్యాద, నిజాయితీ, పట్టుదల, ఆత్మనిగ్రహం, లొంగని ధైర్యం. నేర్పే సిమ్మన్స్‌లో వీటిలో కనిపించేది పట్టుదల ఒక్కటే, అదీ అప్పుడప్పుడు. భార్య పరాయివాడి పొందు కోరిందని తెలిశాక ఆ కోపం శిష్యుల మీద చూపిస్తాడు.

చెప్పేవి శ్రీరంగనీతులని నవ్వి ఊరుకోవచ్చు. కానీ నియమం అతని సొత్తు కాదు గదా! అప్పుల్లో మునిగిన క్యాషియరు లెక్కపెట్టినా కట్టలో ఉండేవి వంద నోట్లే. గురువు బతుకు చూసి నిగ్రహమే అబద్ధమని తేల్చడం అన్యాయం.

అయితే ఈ పోలిక కొంతదూరమే నడుస్తుంది. నోట్లను మళ్లీ లెక్కపెట్టి చూసుకోవచ్చు. నిగ్రహాన్ని పిల్లవాడు ఎక్కడ చూస్తాడు? ఎదురుగా నిలబడ్డ మనిషిలోనే. ఎలా తన్నాలో గురువు కాలు చూసి నేర్చుకున్నవాడు, ఎప్పుడు తన్నకూడదో కూడా ఆ కాలునే చూసి నేర్చుకుంటాడు. లెక్కల మాస్టారు ముక్కోపి అయినా కూడికలు చెడవు. ఇక్కడ చెడేది అసలు పాఠమే.

అలాగని బడి మూసెయ్యమనను. అన్ని నియమాలూ నెగ్గినవాడే నేర్పాలంటే నేర్పేవాడు దొరకడు. నడుముకున్న నల్లబెల్టు విప్పి పక్కన పెట్టి, “ఇవాళ నేను తప్పాను” అని పిల్లల ముందు చెప్పమంటాను. ఆ నెల ఫీజు సంగతా? పుచ్చుకోవచ్చు, కాళ్లూ చేతులూ ఆడించడం నేర్పాడు గదా.