సత్సంగము – మద్యపాన విముక్తి

వ్యసనములన్నింటిలో మద్యపానము మిక్కిలి దారుణమైనదని మన పెద్దలు ఏనాడో గుర్తించిరి. కచుని భస్మమును సురలో కలిపి రాక్షసులు తనచేత త్రావించిన కపటమును తెలిసికొని, శుక్రాచార్యుడు నాటినుండి సురాపానమును నిషేధించెనని మహాభారత ఆదిపర్వము చెప్పుచున్నది. ద్వారకలో సురను చేయరాదని చాటింపు వేయించినను, ప్రభాసతీర్థమున యాదవులు త్రాగి మత్తిల్లి ఒకరినొకరు సంహరించుకొనిరని మౌసలపర్వము తెలుపుచున్నది. శ్రీకృష్ణుని బంధువులకే తప్పని ఆపద సామాన్య గృహస్థునకు తప్పునా? మన నాట 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీల పేర ప్రసిద్ధి కెక్కిన సారా వ్యతిరేకోద్యమము 1995లో సంపూర్ణ మద్యనిషేధమునకు దారితీసెను; 1997లో ఆ నిషేధము సడలినది. శాసనము అంగడిని మూయగలదే గాని అంతరంగములోని దాహమును మూయజాలదు.

మరి వ్రతనియమము మూయగలదా? కార్తికమాసమున అయ్యప్ప మాల ధరించి 41 దినములు మద్యమును తాకక నిష్ఠతో నుండువారు అనేకులు గలరు. అందు కొందరు మాల తీసిన నాటి సాయంకాలమే మరల పాత త్రోవ పట్టుచున్నారు. దీక్షలో లోపమున్నదని దీని అర్థము కాదు. ఆ దినములలో తోటి స్వాములు కలరు, వేకువ స్నానము కలదు, సామూహిక భజన కలదు. మాల తీసినంతనే ఆ సంగము చెదరిపోవుచున్నది. మానవుని నిలిపినది మెడలోని మాల మాత్రమే కాదు, చుట్టునున్న సత్సంగము కూడ. కావున మండలకాలము గడచిన పిమ్మట గూడ అట్టి సంగము కావలయును.

గజేంద్రుని కథ ఎరుగనివారు లేరు. వేయి సంవత్సరములు స్వశక్తితో మకరితో పోరాడి, తోడి కరిసమూహము విడిపింపజాలక నిస్సహాయమై నిలువగా, తన బలము చాలదని నిజముగా ఒప్పుకొన్న క్షణమున అతడు శరణు వేడెను. స్వామి వచ్చెను. ‘రేపు నేనే మానెదను’ అనునది త్రాగువాని అహంకారము. ‘నావలన కాదు’ అనునది అతని మొదటి ప్రార్థన.

ఈ సత్యముమీదనే ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ అను సంఘము నిలిచియున్నది. 1935 మే నెలలో న్యూయార్కు వాసియగు బిల్ విల్సన్ వ్యాపారకార్యము విఫలమై, అమెరికాలోని ఏక్రన్ నగరమున ఒంటరిగా నుండగా మరల త్రాగవలెనను కోరిక కలిగెను. తన్ను తాను కాపాడుకొనుటకు తనవంటి మరియొక వ్యసనపీడితుని వెదకెను. అట్లు లభించినవాడు శస్త్రవైద్యుడగు డాక్టరు రాబర్ట్ స్మిత్. వారిరువురి సంభాషణమే మొదటి సమావేశము. స్మిత్ కడపటిసారి మద్యము ముట్టిన 1935 జూన్ 10వ తేదీని ఆ సంఘము తన జన్మదినముగా నెంచుచున్నది. ఒడ్డు చేరినవాడు మునుగుచున్నవానికి చేయి చాచుటలో తానును నిలుచుననునది అందలి మర్మము.

ఈ సమావేశములలో చేరుటకు త్రాగుడు మానవలెనను కోరిక యొక్కటియే అర్హత. ప్రవేశరుసుము లేదు, గది అద్దెకు, తేనీటికి సభ్యులే తోచినది వేయుదురు. ఇంటిపేరు అడుగరు. ఒక్కొక్కరు లేచి తాను పడిన కష్టమును, లేచిన తెరగును చెప్పుదురు. తక్కినవారు ఆక్షేపింపక విందురు. క్రొత్తవానికి అనుభవజ్ఞుడొకడు తోడుగా నుండును. జీవితాంతమునకు గాక ఈ ఒక్కదినమునకే నియమము పట్టుదురు. వారి పండ్రెండు సోపానములలో తన దోషములను దైవమునకును, మరియొక మనుష్యునకును విన్నవించుట, బాధపెట్టినవారికి పరిహారము చేయుట ముఖ్యములు. పాపమును వెల్లడించుట, పశ్చాత్తాపము చెందుట శుద్ధిమార్గములని మనుస్మృతి పదకొండవ అధ్యాయము గూడ చెప్పుచున్నదిగదా!

కొన్నిచోట్ల ఈ సమావేశములు చర్చి గదులలో జరుగుటచేత భక్తులు సంకోచింతురు. ఆ సంఘము ఏ మతమునకును చెందదు. ‘మీరు భావించిన దైవము’ అని మాత్రమే వారందురు. వేంకటేశ్వరుని నమ్మినవాడు ఆ స్వామినే తలచుకొనవచ్చును.

చిరకాలము అధికముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో మూర్ఛ, మతిభ్రమము కలిగి ప్రాణాపాయము సంభవింపవచ్చును. కావున ముందుగా వైద్యుని చూడవలయును. సంగము ఔషధమునకు తోడే గాని బదులు కాదు. మార్గము తెలియనివారు ప్రభుత్వ ఉచిత సహాయవాణి 14446కు ఫోను చేయవచ్చును. కుటుంబీకులకు ‘అల్-ఆనన్’ అను వేరు సంఘము 1951 నుండి కలదు. త్రాగువాడు రాకున్నను అతని ఇల్లాలు వెళ్ళవచ్చును.

వెళ్ళినవారందరును మొదటినాడే విముక్తులగుదురని కాదు. జారినవాడు మరుసటి సమావేశమునకు మరల పోవలయును. చంచలమగు మనస్సు అభ్యాసవైరాగ్యములచే వశమగునని గీతాచార్యుడు ఆరవ అధ్యాయమున సెలవిచ్చెను; అభ్యాసమనగా తిరిగి తిరిగి చేయుటయే. గుడి మెట్టెక్కుటకు సిగ్గుపడని పాదములు ఆ గది గడప దాటుటకును సిగ్గుపడనక్కరలేదు. ఆర్తత్రాణపరాయణుడగు శ్రీనివాసుడు అట్టివారికి తొలి అడుగు వేయు ధైర్యమును, వారి ఇండ్లకు శాంతిని ప్రసాదించుగాక!