సూర్యుడికి పడిన బాకీ

"మనిషి సూర్యుడికి బాకీ పడతాడా అత్తయ్యా?"

మెక్సికో చరిత్ర చదువుతూ అడిగాను. అత్తయ్య చాలా ఏళ్లు కాలేజీలో తత్వశాస్త్రం చెప్పింది. ఏ ప్రశ్న వేసినా ముందు అందులోని మాటను పట్టుకుంటుంది.

"బలిని వాళ్లేమనేవారో చూశావా? నెష్ట్లావల్లి. నావాట్ల్ భాషలో దానర్థం బాకీ చెల్లించడం. బలి అనగానే మనకు కత్తీ నెత్తురూ కళ్లముందుకొస్తాయి. వాళ్ల మాటలో ఉన్నది అప్పు. అది పట్టుకోకపోతే వాళ్ల వర్తకం అర్థం కాదు, యుద్ధమూ అర్థం కాదు."

మనం ఆజ్టెక్‌లంటున్న ఆ ప్రజలు తమను మెషికా అని చెప్పుకున్నారు. 1325లో తెష్కోకో సరస్సులోని దీవి మీద తెనోచ్తిత్లాన్ నగరం వెలిసిందని వాళ్ల సంప్రదాయం. అంతకుముందు నాలుగు లోకాలు నాశనమయ్యాయనీ, ఇప్పుడు నడుస్తున్నది అయిదో సూర్యుడి కాలమనీ నమ్మేవారు. ఆ సూర్యుడు పుట్టిన కథను అత్తయ్య ఇలా చెప్పింది. తియోతివాకాన్‌లో దేవతలు పెద్ద మంట రాజేసి చుట్టూ చేరారు. తెకుసిస్తెకాత్ల్ అనే సంపన్న దేవుడు నాలుగుసార్లు మంట దాకా వెళ్లి నాలుగుసార్లూ వెనక్కి తగ్గాడు. ఒళ్లంతా పుళ్లతో ఉన్న నానావాట్సిన్ కళ్లు మూసుకుని దూకేశాడు. సూర్యుడై లేచాడు కానీ కదల్లేదు. మిగతా దేవతలు ప్రాణాలిచ్చాకే ఆకాశంలో నడక మొదలైంది.

"దేవతలు చచ్చి నడిపించిన సూర్యుడి ఎండలో మనిషి జొన్న పండించుకుంటున్నాడు. ఊరికే తినకూడదు కదా!"

"జొన్నా? మొక్కజొన్నా?"

"మొక్కజొన్నేలే. మనకూ అక్కణ్ణుంచి వచ్చిందే."

"మనకూ దేవఋణం, ఋషిఋణం, పితృఋణం ఉన్నాయిగా?"

"ఉన్నాయి. యజ్ఞంతో ఒకటి, అధ్యయనంతో ఒకటి, సంతానంతో ఒకటి తీరతాయని దారి చూపించారు. నేను తీర్చకపోతే నాకు పాపం. వాళ్లకు అలా కాదు, తీర్చకపోతే తెల్లవారదు. యాభై రెండేళ్లకోసారి ఊరూరా పొయ్యిలు ఆర్పేసి, కొండ మీద కొత్త నిప్పు పుడుతుందో లేదోనని చీకట్లో కాచుకుని కూర్చునేవారు. చివరిసారి 1507లో. ఆ రాత్రి బిడ్డను ఒళ్లో పెట్టుకుని మేలుకుని ఉన్న తల్లిని ఊహించు. ఆ తర్వాత ఆ జనాన్ని రాక్షసులనగలవేమో చూడు."

అనలేను. కానీ నా అసలు సందేహం తీరలేదు. ఇంత భయంతో బతికినవాళ్లు అంత పెద్ద అంగళ్లు ఎలా నడిపారు? తెనోచ్తిత్లాన్ పక్కనే ఉన్న త్లాతెలోల్కో సంతకు రోజూ అరవై వేలమంది వచ్చేవారని, ఆ నగరం మీదికి దండెత్తిన స్పెయిన్ సేనాని కోర్తెస్ తన రాజుకు రాశాడు. తగవులు తీర్చడానికి అక్కడే న్యాయాధికారులు కూర్చునేవారు. కకావ్ (కోకో) గింజలూ నూలుబట్టలూ డబ్బుగా చెల్లేవి. మనం టమాటా అంటున్న మాట ఆ సంతలో వినబడిన నావాట్ల్ మాటే.

"సంతను చూడకు, సంతకు సరుకు తెచ్చినవాణ్ణి చూడు" అంది అత్తయ్య. "పోచ్తెకాలు. దూరదేశపు వర్తకులు. సాగూన్ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి నావాట్ల్ పెద్దలను అడిగి అడిగి పన్నెండు సంపుటాలు రాయించాడే, అందులో తొమ్మిదోదానిలో ఎక్కువ భాగం వీళ్ల గురించే."

ఎడ్లు లేవు, గుర్రాలు లేవు. నొసటికి పట్టీ వేసుకుని మనుషులే బరువులు మోశారు. బంగారు నగలు, బట్టలు, నల్లటి అగ్నిశిల చాకులు తీసుకుని నెలల తరబడి దక్షిణానికి నడిచారు. కెత్సాల్ పక్షి ఈకలు, పచ్చరాళ్లు, జాగ్వార్ తోళ్లు తెచ్చారు. బయల్దేరడానికి 'ఒకటి సర్పం' లాంటి మంచిరోజు చూసుకునేవారు. మళ్లీ ఇంటికి చేరేదాకా తలస్నానం లేదు. రాత్రి మజిలీలో చేతికర్రలన్నీ ఒక్కచోట కట్టి, దాన్నే తమ దేవుడు యకతెకుత్లిగా నిలబెట్టి, తమ చెవులు గుచ్చుకుని ఆ నెత్తురు అర్పించేవారు. దారిలో పోయిన వర్తకుడు యుద్ధంలో పోయిన వీరుడితో సమానం. సూర్యుడి దగ్గరికే వెళ్తాడని నమ్మకం.

"తిరిగొచ్చేటప్పుడు మాత్రం పగలు ఊళ్లోకి రారు" అంది. "రాత్రిపూట పడవల్లో వచ్చి సరుకును ఇంకొకరి ఇంట్లో దించుతారు. ఇవి నావి కావు, ఎవరో తెమ్మంటే తెచ్చానంటారు."

"పన్నుకు భయపడి కాదూ? గొప్పలు పోయిన వర్తకుల మీద నేరాలు మోపి రాజులు చంపించారని ఆ సంపుటంలోనే ఉంది కదా!"

"ఉంది. రాజభయం నిజమే. కానీ భయం ఒక్కటే అయితే దాచుకుని ఊరుకునేవారు. వీళ్లు సంపాదించింది విందులకూ దేవుడి పండుగలకూ ఖర్చుపెట్టేశారు. చేతిలో నిలిచిన సంపద వాళ్ల కళ్లకు తీరని అప్పులా కనబడింది. ఆ ఈకలూ రాళ్లూ ఒకచోటి నుంచి ఇంకోచోటికి నడుస్తూ ఉండాలి, సూర్యుడిలాగే."

ఇక్కడ అత్తయ్యతో సగమే ఒప్పుకున్నాను. ఆ పండుగల్లో ఒకదానికి వాళ్లు అర్పించింది అంగట్లో కొని, స్నానం చేయించి తెచ్చిన బానిసలను. యుద్ధానికి వెళ్లనివాడికి ఖైదీ దొరకడు కాబట్టి మనిషిని కొన్నాడు. ఆ మాటే అన్నాను.

"అక్కడికే వస్తున్నా" అంది. "ఆ వర్తకుడు రాజుకు కన్ను కూడా. అవిత్సోత్ల్ రాజు వాళ్లకు 1,600 బట్టలిచ్చి తన తరఫున వర్తకం చేయమన్నాడు. కొందరు త్సినకాంత్లాన్ లాంటి పరాయి సీమల్లో అక్కడి వేషం కట్టి, అక్కడి భాష మాట్లాడుతూ తిరిగారు. వర్తకుణ్ణి చంపితే అది యుద్ధానికి కారణం. మొదటి మొతెకుసోమా కాలంలో కోయిష్త్లావాకా మీదికి సైన్యం కదిలింది అందుకే. ఇప్పుడు త్లకాయెలెల్ మాట చదువు."

త్లకాయెలెల్ కొందరు రాజులకు వరసగా సలహాదారు. తెనోచ్తిత్లాన్ పెద్దగుడి పూర్తికాకముందు బలికి మనుషులెక్కడని చర్చ వచ్చినప్పుడు అతను చెప్పినట్టు దురాన్ అనే సన్యాసి రాసిన సంగతి ఇది. దేవుడికీ ఒక సంత కావాలి. సైన్యమే ఆయన తరఫున సంతకు వెళ్లి ఆహారం కొనుక్కొస్తుంది. దూరప్రాంతాల అనాగరికులు ఆయన నోటికి రుచించరు. దగ్గర్లో ఉన్న త్లష్కాలా, వెషోత్సింకో, చొలూలా లాంటి చోట్లే ఆ సంత. అక్కణ్ణుంచి తెచ్చినవాళ్లు పెనం మీంచి అప్పుడే తీసిన రొట్టెల్లా వేడివేడిగా అందుతారు.

చదివి పుస్తకం మూసేశాను. కాసేపటికి గానీ నోరు పెగల్లేదు.

"అత్తయ్యా, ఇది విశ్వాసం కాదు. నానావాట్సిన్ తానే దూకాడు. వీళ్లు ఇంకొకణ్ణి తోశారు."

"రాజులూ పూజారులూ కిత్తలి ముళ్లతో తమ ఒళ్లు గుచ్చుకుని నెత్తురిచ్చేవారు, మరిచిపోకు."

"గుచ్చుకున్నారు. కానీ గుండె ఇచ్చింది మాత్రం త్లష్కాలా వాడు. 2015లో మెక్సికో నగరంలో పెద్దగుడి పక్కన బయటపడిన పుర్రెల కట్టడంలో ఆడవాళ్లవీ పిల్లలవీ ఉన్నాయి. 1487 గుడి ఉత్సవంలో 80,400 మందిని బలిచ్చారన్న లెక్కను నేనూ నమ్మను. అసాధ్యం. అంకె తగ్గినంత మాత్రాన ప్రశ్న తగ్గదు. అప్పు లోకమంతటిదీ అయితే చెల్లింపు ఓడినవాడి మీదే ఎందుకు పడింది?"

అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు.

"1428లో అస్కపోత్సాల్కో రాజ్యాన్ని ఓడించాక ఇత్స్‌కోవాత్ల్ రాజు పాత బొమ్మల పుస్తకాలను తగలబెట్టించాడు. అందరూ తెలుసుకోదగినవి కావన్నాడు. ఆ తర్వాతే మెషికాల కులదైవం వీత్సిలోపోచ్‌త్లి సూర్యుడంతటివాడయ్యాడని లియోన్ పోర్తియా లాంటి పండితులు అంటారు. అప్పు భావన పాతది. దాన్ని వసూలు చేసే అధికారం కొత్తది. నీ కోపం ఆ రెండోదాని మీదైతే నేనూ నీతోనే ఉన్నాను."

"మొదటిదాని మీద కోపం లేదా?"

"లేదు. ఆ కథలోనే ఇంకొకడున్నాడు. దేవతలంతా ప్రాణాలిచ్చే వేళ షోలోత్ల్ ఏడ్చాడు, చావనని పారిపోయాడు. మొక్కజొన్నలో దాక్కున్నాడు, కిత్తలిలో దాక్కున్నాడు, చివరికి నీళ్లలో ఆషొలోత్ల్ అనే జీవిగా మారాడు. అక్కడ పట్టుకుని చంపారు. చావడానికి ఒప్పుకోనివాణ్ణి కూడా కథ దాచలేదు. అంత నిజాయితీ ఉన్న కథను రాజ్యం సగమే వినిపించింది."

నాకు ఆ రోజు దొరికిన జవాబు అదే. ఒక లోకదృష్టి మనుషుల చేత ఇది చేయించిందని చెప్పి ఊరుకోవడం పొరపాటు. అదే లోకదృష్టి వర్తకుణ్ణి తలవంచుకుని నడిచేలా చేసింది. అదే పెద్దగుడి పునాదుల్లో సముద్రపు గవ్వలనూ, తమకంటే ఎన్నో శతాబ్దాల ముందటి ఓల్మెక్ ప్రజల ముసుగునూ భక్తితో పెట్టించింది. ఓడిన ప్రజల దేవతలను తెచ్చి ప్రత్యేకంగా ఒక గుడిలో ఉంచిందీ అదే. అది గౌరవమూ అయింది, చెరా అయింది. ఎటు తిప్పాలో నిర్ణయించింది మనుషులు. ఆ నిర్ణయానికి వాళ్లే బాధ్యులు.

"త్లష్కాలా వాళ్ల దేవతలు వేరా?" చివరగా అడిగాను.

"దాదాపు వాళ్లే. భాషా అదే. మెషికాలు చుట్టుముట్టి పత్తి రానివ్వలేదు, ఉప్పు రానివ్వలేదు. త్లష్కాలా వాళ్లు తరాలపాటు చప్పిడి తిండి తిన్నారు. 1519లో కోర్తెస్‌తో ముందు పోరాడి, తర్వాత చేయి కలిపారు. 1521 ఆగస్టు 13న తెనోచ్తిత్లాన్ పడిపోయింది. ముట్టడించినవాళ్లలో స్పెయిన్ వాళ్లు వెయ్యిమంది లోపే. మిగతా వేలాదిమందీ అదే అయిదో సూర్యుణ్ణి నమ్మినవాళ్లు."